నాకు వినపడని చప్పుడు

ఈ జబ్బు నాకుందని ఇంట్లో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. ముందు మా ఆయనకు తెలిసింది. తర్వాత పక్క అర్రలో పడుకునే అత్తమ్మకు. సెలవులకు ఇంటికొచ్చిన పెద్దబిడ్డ ఒక రాత్రి ఫోన్‌లో రికార్డు చేసి వినిపించేదాకా నేను నమ్మలేదు. ఆ రికార్డులో ముందు ఫ్యాను చప్పుడు, దూరంగా గూడ్సు బండి కూత, ఆ తర్వాత కరకరమని ఒక రాపిడి. కాసేపు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. అది నా నోట్లోంచే వస్తున్నదంటే ఒళ్లు జలదరించింది. అప్పటిదాకా మా ఆయన పొద్దున్నే "రాత్రంత పండ్లు కొరికినవ్, నాకు నిద్రే లేదు" అంటే గయ్యిమని లేచేదాన్ని. ఆయన గురకకు నేనెన్నడూ ఒక్క మాటన్నానా అని.

నొప్పి మాత్రం నాకే తెలుసు. పొద్దున లేస్తే నోరు తెరుచుకునేది కాదు. బ్రష్ లోపలికి పోవాలంటే దవడను చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించాలి. చెవి ముందర టక్కుమనేది. కణతలు రెండూ బిగుసుకుపోయి, ఆ నొప్పి ఏ పదింటికో వదిలేది. చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవి. ఆవలింత వస్తే భయం.

మాది స్టేషన్ ఘన్‌పూర్. శివునిపల్లిలో మడిగె కిరాయికి తీసుకుని బట్టలు కుడతాను. రవికలు, పిల్లల లంగాలు, చీరలకు ఫాలు, పికో. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని జనగామలో కలిపారు. కాగితాల మీద జనగామ అయినా, జబ్బు చేస్తే మా కాళ్లు ఇప్పటికీ హనుమకొండ దిక్కే నడుస్తాయి. రైలెక్కితే కాజీపేట ఎంతోసేపు పట్టదు, అక్కడి నుంచి ఆటో.

కరోనా తగ్గుముఖం పట్టిన తర్వాత మా ఆయన ఆటో బోల్తా పడింది. కాలికి రాడ్డు వేశారు. సంఘంలో తీసుకున్న అప్పు ఒకటి, ఫైనాన్సు వాళ్ల వారం కిస్తీ ఇంకొకటి. ఆ ఏడు బతుకమ్మకు వచ్చిన కుట్లు ఒక్కటి కూడా వద్దనలేదు. రాత్రి ఒంటిగంట దాకా మిషను మీదే, మధ్యలో నిద్ర ఆపడానికి చాయ్. పడుకున్నా నిద్రలో లెక్కలే. దవడ నొప్పి మొదలైంది ఆ రోజుల్లోనే. కిస్తీకీ దవడకూ సంబంధం ఉంటుందని అప్పుడు ఎవరన్నా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

మా అత్తమ్మ మొదట "ఆడిది పండ్లు కొరికితే ఇంటికి అచ్చిరాదు" అన్నది. ఆయన ఆటో పడ్డది కూడా అందుకేనన్నట్టు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు దవడ నొప్పికంటే ఎక్కువ గుచ్చుకుంది. తర్వాత ఆమే మెత్తబడి "కడుపుల పురుగులున్నయేమో" అని, బడిలో పిల్లలకు నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ గోలీ తెప్పించి వేయించింది. నష్టం లేదు, లాభమూ లేదు. చివరికి చిల్పూరు గుట్టకు తీసుకుపోయింది. మా దిక్కు భయం పట్టుకున్నవాళ్లు, రంది పెట్టుకున్నవాళ్లు అక్కడి బుగులు వెంకటేశ్వరస్వామికి మొక్కుకుంటారు. డాక్టర్లు నా చెవి, కళ్లు, పళ్లు చూస్తున్న రోజుల్లో నాకు బుగులు పట్టుకున్నదని కనిపెట్టింది అత్తమ్మ ఒక్కతే. ఆ మాట ఒప్పుకోవాలి.

చెవి నొప్పి అనుకుని చెవి డాక్టరు దగ్గరికి పోయాను. చెవి శుభ్రంగా ఉందన్నాడు. తలనొప్పికి కళ్లద్దాలు వచ్చాయి. నొప్పి గోలీలు వేసుకుని వేసుకుని కడుపులో మంట మొదలైంది. ఒకరోజు మక్కగుడాలు తింటుంటే కుడివైపు దవడపన్ను టప్పున విరిగింది. ఉడికిన గింజలకు పన్ను విరగడమేంటని నాకే అనుమానం వచ్చింది గానీ చూసిన దంతవైద్యుడికి రాలేదు. రూట్ కెనాల్ చేశారు, క్యాప్ వేశారు. కొలత కోసం గులాబీ రంగు పిండి కలిపి, రేకు పళ్లెంలో నింపి నోట్లో పెడితే గొంతు దాకా జారి వాంతి వచ్చినంత పనైంది. కొన్ని నెలలకే ఆ క్యాప్ అంచు కూడా పెచ్చు లేచింది. ఎందుకు లేచిందని అక్కడ ఎవరూ అడగలేదు. రాత్రిపూట పెట్టుకోమని మెత్తటి రబ్బరులాంటి గార్డు ఒకటి ఇచ్చి పంపారు. దాన్ని నిద్రలో నమిలాను. పొద్దున దవడ ముందుకంటే ఎక్కువ సలిపేది. కొంతమందిలో మెత్తటి గార్డు వల్ల కండరం ఇంకా పట్టుదలగా పనిచేస్తుందని తర్వాత తెలిసింది. నేను ఆ కొంతమందిలో ఒకదాన్ని. గార్డు వెనక భాగం చివికి బొక్క పడింది.

హనుమకొండలో ఇంకో పళ్ల డాక్టరమ్మ ఉన్నదని చెప్పింది మా షాపుకు వచ్చే ఒక బ్యాంకు మేడం. ఆ మేడంకూ ఇదే బాధ అట. పోవడానికి నాకు మనసు లేదు, చేతిలో డబ్బూ లేదు. చెవికమ్మలు బ్యాంకులో పెట్టి పోయాను.

ఈ డాక్టరమ్మ ముందు నోరు తెరవమనలేదు. రెండు చేతులూ నా బుగ్గల మీద పెట్టి "అక్కా, పళ్లు గట్టిగ కొరికి పట్టండి" అన్నది. ఆమె వేళ్ల కింద కండలు ఉబ్బడం నాకే తెలిసింది. ముఖం రెండు పక్కలా ఉబ్బిందని మా చెల్లె ఎప్పుడో అన్నది. నేను లావెక్కానేమో అనుకున్నాను. మాసెటర్ అనే నమిలే కండరమట అది. రాత్రంతా కసరత్తు చేసి బలిసిందన్నమాట. తర్వాత నాలుక చాపమన్నది. అంచుల వెంబడి పళ్ల ముద్రలు. బుగ్గ లోపల తెల్లటి గీత. నోట్లో మూడు వేళ్లు నిలువుగా పెట్టుకోమన్నది, మామూలుగా అందరికీ పడతాయట. నాకు రెండు వేళ్లకే చెవి ముందర కలుక్కుమన్నది. చాయ్ ఎన్నిసార్లు తాగుతారు, గురక వస్తుందా, నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా, మనసుకు సంబంధించిన మందులేమన్నా వాడుతున్నారా అని అడిగింది. గురక సంగతి నన్ను కాదు, మా ఆయనకు ఫోన్ చేయించి అడిగింది. "గురక లేదు మేడం, గిర్ని నడుస్తది" అన్నాడాయన.

ఆమె చెప్పిందాంట్లో నాకు అర్థమైంది ఇది. నిద్రలో మెదడు అప్పుడప్పుడు కొన్ని క్షణాలు సగం మేలుకుంటుంది. మనకు తెలియదు. గుండె వేగం పెరుగుతుంది, దాని వెనకే దవడ కండరాలు కదలడం మొదలుపెడతాయి. అందరికీ కొద్దో గొప్పో ఉండేదే. రంది, చాయ్, కాఫీ, పొగాకు, మందు, కొన్ని గోలీలు దాన్ని పెంచుతాయి. ఒకప్పుడు పళ్లు సరిగా కలవకపోవడం వల్లే నూరుతారని అనుకుని, కలవడం కోసం పళ్లనే అరగదీసేవాళ్లట. ఇప్పుడా ఆలోచన పోయింది. అరగదీసిన పన్ను మళ్లీ రాదు కదా.

"తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు తాకనే వద్దు అక్కా. పెదవులు మూసుకోవాలి, పళ్లు విడిగా ఉండాలి" అన్నది. నలభై ఏళ్లు దాటినా ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి మిషను దగ్గర నన్ను నేను గమనించుకున్నాను. సూదిలో దారం ఎక్కించేటప్పుడు పళ్లు బిగిసి ఉంటాయి. మెడ తిప్పి కుట్టేటప్పుడు బిగిసి ఉంటాయి. గుండుపిన్నులు పళ్ల మధ్య పట్టుకోవడం, దారం పంటితో తెంపడం సరేసరి. మొన్న ఇస్తానన్న డబ్బులు ఇవ్వకుండా ఇంకో రవిక చేతికిచ్చే వాళ్లు ఎదురుగా నిలబడితే మరీ. రాత్రి నూరేది నా చేతిలో లేదు గానీ, పగటిది ఉంది. మిషను తల మీద ఎర్రబొట్టు అంటించుకున్నాను. దాన్ని చూసినప్పుడల్లా పళ్లు విడదీయడం.

రాత్రికోసం పళ్లకు తొడుక్కునే గట్టి స్ప్లింట్ చేయిద్దామన్నది. "ఇది నూరుడును ఆపదు. పళ్లను కాపాడుతది, కండరానికి కొంత విశ్రాంతి ఇస్తది. అంతవరకే" అని డబ్బు కట్టకముందే చెప్పింది. అలా ముందే చెప్పిన డాక్టరును నేను చూడటం అదే మొదలు.

కొలత అనగానే ఆ గులాబీ పిండి గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఈసారి పిండి లేదు. బ్రష్‌కంటే లావుగా ఉన్న కెమెరా కర్ర ఒకటి, దాని వైరు కంప్యూటరుకు. కొస వెచ్చగా ఉంది. వెచ్చగా లేకపోతే నోటి ఆవిరికి లోపలి అద్దం మసకబారుతుందట. కుడివైపు చివరి పన్ను నుంచి మొదలుపెట్టి పళ్ల నెత్తి మీదుగా పోయి, లోపలి వైపు నుంచి తిరిగి, బయటి వైపు నుంచి మళ్లీ వచ్చింది. ఉమ్మి చేరితే బొమ్మ ఆగిపోతుంది. గాలి కొట్టి ఆరబెట్టాలి. కర్ర దారి తప్పితే వెనక్కి వచ్చి, అప్పటికే చూసిన పన్ను ఒకటి చూపించాలి. అక్కడి నుంచి మళ్లీ అందుకుంటుంది. వాంతి లేదు, ఊపిరాడకపోవడం లేదు. మధ్యలో ఆపి నన్ను మింగనిచ్చింది కూడా. పిండి పళ్లెం నోట్లో ఉంటే అది కుదరదు.

తెర మీద నా పళ్లు అరచేయంత పెద్దగా కనపడ్డాయి. నా నోరు నేను అట్లా చూడటం అదే మొదటిసారి. కోరపళ్లకు కొనలు లేవు. కింది ముందరి పళ్ల అంచుల మీద పసుపు మచ్చలు. పైన ఉండే ఎనామిల్ అరిగిపోయి లోపలి డెంటిన్ బయటపడిందన్నది. వెనక పళ్ల మీద గుంటలు, గట్లు ఉండాల్సిన చోట నున్నటి చదును. డాక్టరమ్మ మౌస్ పట్టుకుని కింది దవడను తెర మీద మెల్లగా కుడికి జరిపింది. ఇంకా జరిపింది. ఒకచోట పై కోరపన్ను చదును, కింది కోరపన్ను చదును అంచుకు అంచు అతుక్కున్నాయి. "తినేటప్పుడు ఎవరి దవడా ఇంత దూరం రాదు. రాత్రిళ్లు మీరు ఇక్కడికొచ్చి నూరుతున్నారు" అన్నది. బిడ్డ వినిపించిన రికార్డుకంటే ఆ రెండు చదునులు నన్ను ఎక్కువ కదిలించాయి. కొన్ని నెలల పనో, కొన్నేళ్ల పనో తెలియదు, నేనే చేశాను, నాకే తెలియదు.

పళ్ల బొమ్మ వచ్చినంత మాత్రాన స్ప్లింట్ రాదు. పై దవడకు కింది దవడ ఎక్కడ నిలబడుతుందో కూడా యంత్రానికి చెప్పాలి. కుర్చీ వాల్చి, ముందరి పళ్ల మధ్య దూది చుట్ట పెట్టి కాసేపు ఊరికే ఉండమన్నది. వెనక పళ్లు తాకకుండా ఉంటే కండరం తన పాత అలవాటు మరిచిపోతుందట. తర్వాత దూది తీసి, పల్చటి ప్లాస్టిక్ రేకులు కొన్ని దొంతరగా ముందరి పళ్ల మధ్య పెట్టి, గడ్డం పట్టుకుని "వదిలెయ్యండి" అన్నది. వదిలేశాను. "వదల్లేదు అక్కా" అన్నది. నిజంగానే వదిలేశాననుకున్నాను. ఆమె చేతిలో నా గడ్డం కిందికి రాలేదు. నా ఒంట్లో ఒక భాగం నా మాట వినదని అప్పుడు తెలిసింది. ఎంతోసేపటికి కొంత సడలింది. వెనక పళ్ల మధ్య సందు ఉండగానే బుగ్గ పక్క నుంచి మళ్లీ కెమెరా తిప్పి ఆ నిలబాటు పట్టుకున్నది.

ఆ ఫైలు నేను కుర్చీ దిగేలోపే హైదరాబాద్‌లోని ల్యాబుకు పోయింది. పిండితో తీసిన అచ్చయితే ఆరిపోతే కుంచించుకుపోతుంది. వెంటనే సుద్దతో బొమ్మ పోయాలి, అది బస్సు పార్సిల్‌లో పగలకుండా చేరాలి. ఇప్పుడా బాధ లేదు. ల్యాబులో కంప్యూటరు మీదే పై దవడ, కింది దవడ కదిలించి చూసి స్ప్లింట్ గీస్తారు. తర్వాత ద్రవంగా ఉండే రెసిన్‌ను వెలుతురుతో పొర మీద పొర గట్టిపరుస్తారు. మిల్లీమీటరులో పదో వంతు, ఇంకా పల్చగా కూడా పొరలు వేస్తారట. ఆ తర్వాత స్పిరిటులో కడిగి, మళ్లీ వెలుతురులో పెట్టి పూర్తిగా గట్టిపడనిస్తారు. మా పెద్దబిడ్డ ఫోన్‌లో చదివి చెప్పింది, నోట్లో కెమెరా పెట్టి కొలత తీసుకుని అక్కడికక్కడే పన్ను ముక్క చెక్కడం 1985లోనే జూరిక్‌లో వెర్నర్ మోర్మన్ అనే దంతవైద్యుడు, మార్కో బ్రాండెస్టిని అనే ఇంజినీరు కలిసి చేసి చూపించారట. వెలుతురుతో పొరలు పోసే పద్ధతికి అమెరికాలో చార్లెస్ హల్‌కు పేటెంట్ వచ్చింది 1986లో. నేను పలక పట్టే వయసుకే ఇవన్నీ ఉన్నాయి. కాజీపేట దాటి రావడానికే ఇంతకాలం పట్టింది.

స్ప్లింట్ వచ్చింది. నీళ్లంత స్వచ్ఛంగా ఉంది. పై పళ్లకు పెడితే టిక్కుమని కూర్చుంది. ఎక్కడా ఒత్తలేదు, ఊగలేదు. పళ్ల వరకు యంత్రం లెక్క వెంట్రుక వాసి తప్పలేదు. అయితే నోరు మూస్తే కుడివైపు ఒక్కచోటే తాకింది, ఎడమవైపు గాలి. డాక్టరమ్మ పల్చటి నీలం కాగితం మధ్యలో పెట్టి కొరకమన్నది. కుడి వెనకాల చిక్కటి నీలం చుక్క ఒకటి. మిగతా స్ప్లింట్ మీద మరకే లేదు. ఆ చుక్కను గిర్రున తిరిగే చిన్న బర్రుతో గీకింది. మళ్లీ కాగితం, మళ్లీ చుక్క, మళ్లీ గీకడం. ప్లాస్టిక్ కాలిన వాసన, ఒడిలో తెల్లటి పొడి. రెండు పక్కలా చుక్కలు సమంగా పడేదాకా వదల్లేదు. తర్వాత ఎర్ర కాగితం పెట్టి దవడ పక్కలకు జరపమన్నది. పక్కకు జరిపినప్పుడు ముందరి భాగం మీదే గీత పడాలి, వెనక పళ్లు విడిపోవాలి. వారం పది రోజులకు పోతే చుక్కలన్నీ మళ్లీ వేరేచోట.

నేను కుర్చీలోనే అన్నాను, "మేడం, రవిక కొలతకు వచ్చినప్పుడు కొందరు పొట్ట బిగబట్టి ఊపిరి ఆపుకుంటరు. టేపు కరెక్టే చెప్తది. ఇంటికి పోయి ఊపిరి వదిలితే హుక్కులు పట్టయి. నా దవడది గదే కథ గదా?" ఆమె నవ్వి, అదే కథ అన్నది. కొలత తీసిన రోజు నా కండరాలు బిగుసుకుని ఉన్నాయి, ఆ బిగువునే కెమెరా ఉన్నదున్నట్టు పట్టుకున్నది. స్ప్లింట్ పెట్టుకున్నకొద్దీ కండరం సడలుతుంటే దవడ తన అసలు చోటికి జరుగుతున్నది. అందుకే చుక్కలు మారుతున్నాయి. బయట బోర్డు మీద డిజిటల్ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. నన్నడిగితే, నాకు నయం చేసినదాంట్లో ఆ నీలం కాగితం వాటా తక్కువేం కాదు. కాగితం పెట్టి చూసే ఓపిక లేని చోట ఆ యంత్రం ఉన్నా, నాకు ఇంకో గార్డు మాత్రమే దొరికేది.

మొదటి రాత్రులు నరకం. దిండు నిండా ఉమ్మి. మధ్యరాత్రి మెలకువ వస్తే స్ప్లింట్ ఏ దుప్పటి మడతలోనో దొరికేది, నేనే ఎప్పుడో పీకేసుకునేదాన్ని. గొంతులోకి పోతుందేమోనని భయం. పొద్దున తీస్తే పళ్లు కాసేపు నావి కానట్టుండేవి. "గిదేంది, నోట్ల చిప్ప పెట్టుకొని పండుతున్నవ్" అని అత్తమ్మ. వేడినీళ్లతో కడగొద్దు, వంకర పోతుంది. పేస్టుతో రుద్దొద్దు, గీతలు పడతాయి. సబ్బు నురగ, చల్లనీళ్లు, డబ్బా. కొన్ని వారాలకు ఒక పొద్దున లేచి బ్రష్ నోట్లో పెట్టుకున్న తర్వాత గానీ దవడ ఆడించలేదన్న సంగతి గుర్తుకు రాలేదు. కణతల నొప్పి వారంలో ఏ ఒకటి రెండు రోజులకో తగ్గింది. మూడు వేళ్లూ పట్టాయి, మూడోది కొంచెం కష్టంగా.

నూరడం ఆగలేదు. స్ప్లింట్‌ను కిటికీ వెలుతురులో పట్టుకుంటే వెనక భాగంలో నున్నటి కాలువలు కనిపించేవి. కిస్తీ కట్టే వారం కాలువ లోతుగా పడుతుందని నాకో నమ్మకం, డాక్టరమ్మ మాత్రం అంత లెక్క తెలియదంటుంది. అది నా పంటి మీద పడకుండా ప్లాస్టిక్ మీద పడింది, నాకంతే చాలు. అయితే ఏడాది తిరిగేలోపు ఆ స్ప్లింట్‌లో పగులు వచ్చింది. ఫైలు ఉంది కదా, ఇంకోటి పోయించండి అన్నాను. కుదరదన్నది. పెచ్చు లేచిన క్యాప్ ఈలోపు మార్పించుకున్నాను, పాత ఫైల్లో ఆ పన్ను వేరే ఆకారంలో ఉంది. పైగా దవడ నిలబాటూ మారింది. మళ్లీ కెమెరా. ఈసారి గడ్డం ఆమె చేతిలోకి తేలిగ్గా వచ్చింది. పాత బొమ్మ మీద కొత్త బొమ్మ పెట్టి రంగుల్లో తేడా చూపించింది. మార్చిన క్యాప్ చోట ఎరుపు, మిగతా పళ్లన్నీ ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే అరగలేదని.

రెండోది పొరలు పోసింది కాదు. 98 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉండే గట్టి అక్రిలిక్ బిళ్లలోంచి మిషను చెక్కి తీసింది. ఖర్చు ఎక్కువ, గట్టిదనమూ ఎక్కువ. నీలం కాగితం పెడితే మొదటిసారే రెండు వైపులా చుక్కలు పడ్డాయి. కొద్దిగా గీకి పంపించేసింది.

ఫైనాన్సు కిస్తీలు అయిపోయాయి, సంఘం అప్పు నడుస్తున్నది. మా ఆయన కర్ర లేకుండా నడుస్తున్నాడు, ఆటో ఇప్పుడు వేరేవాళ్లతో నడిపిస్తున్నాం. సాయంత్రం ఆరు తర్వాత చాయ్ మానేశాను. దారం తెంపడానికి కత్తెర ఒకటి నాడాతో మిషనుకే కట్టుకున్నాను. ముందరి పన్ను మీద దారం కోసిన గాటు మాత్రం అట్లనే ఉంది. దాన్ని పూడుస్తానని డాక్టరమ్మ అంటున్నది. స్ప్లింట్ వెనకాల మళ్లీ పల్చబడిందట. పన్ను పూడిస్తే మళ్లీ కొలత, కొత్త స్ప్లింట్. పూడ్చకుండా ఉంటే ఉన్న ఫైలుతోనే చెక్కించవచ్చు, ఖర్చు తగ్గుతుంది. గాటు వల్ల నొప్పేం లేదు గనక ఇప్పటికి వద్దన్నాను. సంక్రాంతి పోయినాక రమ్మన్నది. మాఘమాసం పెళ్లి రవికలు మీద పడకముందే పోయి రావాలి. చెవికమ్మలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, ముందు వాటి వడ్డీ కట్టాలి.